పైసలిచ్చి ఎడారికి



మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. సౌదీలో పన్నెండేళ్లు పైపులైను పని చేసి వచ్చాడు. ఇప్పుడు రెండెకరాల వరి, నాలుగు బర్రెలు. పొద్దున్నే మాకు పాలు పోసేది ఆయనే. దుబాయిలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నామనీ, వాడు ఒక సాయంత్రం మా ఒక్క కుటుంబం కోసమే బండి మాట్లాడి ఎడారికి తీసుకెళ్తానన్నాడనీ చెబితే, పాలక్యాను గడప మీద పెట్టి మరీ నవ్వాడు. "పైసలిచ్చి ఎడారికి పోతరా సారూ? మాకు పైసలిచ్చినా ఉండబుద్ధి కాకపాయె" అన్నాడు.

నేనూ నవ్వాను గానీ ఆ మాట నాతోపాటే విమానం ఎక్కింది. మా కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల పక్క గల్ఫుకు పోయిన మనిషి లేని వాడ వెతికితే దొరకదు. వాళ్లకు ఎడారి అంటే చెమట, అప్పు, పండగ నాటి ఫోను. అలాంటి చోటికి షికారు వెళ్లడమంటే ఎక్కడో కొంచెం సిగ్గుగానే అనిపించింది. అయినా వెళ్లాను. బాగుంది. ఏది బాగుందో, ఏది లేకపోయినా నడిచేదో ఈ పావుగంటలో చెబుతాను.

దాచడమెందుకు, ఇది నా రెండో ఎడారి. రెండేళ్ల కిందట మొదటిసారి వెళ్లినప్పుడు అందరూ వెళ్లినట్టే వెళ్లాం. బండికి ఆరుగురం, వరసగా పాతిక ముప్పై బండ్లు. తిన్నెలు ఎక్కి దిగి, పక్కకు ఒరిగి, గాల్లోకి ఎగిరి బండ్లు చేసే విన్యాసాన్ని అక్కడ డ్యూన్ బ్యాషింగ్ అంటారు. కుర్రవాళ్లు కేకలు పెట్టారు. నేను మధ్యాహ్నం తిన్న పెరుగన్నాన్ని కాపాడుకోవడంలో ఉండిపోయాను. తర్వాత దించిన శిబిరం అచ్చం మన జాతర. మైకు, రంగు దీపాలు, గిరగిరా తిరిగే నాట్యగాడు, పళ్లెం పట్టుకుని నిలబడ్డ బారు. ఆ దీపాల వెలుతురుకు తలెత్తితే ఒక్క చుక్క కనిపించలేదు. ఎడారికి వెళ్లి ఎడారి తప్ప అన్నీ చూసి వచ్చాం.

అందుకే ఈసారి మావాడు, "బాపూ, బండి మనదే, డ్రైవరు మనకే, మనం ఎట్లంటే అట్ల" అన్నాడు. ఇలాంటి ప్రయాణాల్లో అద్దె సాధారణంగా మనిషికి ఇంత అని కాకుండా బండికి ఇంత అని ఉంటుంది. నలుగురైదుగురు పంచుకుంటే భయపడినంత భారం కాదు, ఇద్దరే అయితే మాత్రం జేబు తడుముకోవాలి. ఆ డబ్బుకు పట్టుపరుపులూ వెండిపళ్లేలూ వస్తాయని నేను అనుకున్నాను. వచ్చింది వేరు. ఫలానాది మాకు వద్దు అని చెప్పే వీలు వచ్చింది. బండి ఎగిరించడం వద్దన్నాం. నాలుగు చక్రాల మోటారు సైకిళ్లు వద్దన్నాం. పాటలు, నాట్యం వద్దన్నాం. మా మనవరాలికి తొమ్మిదేళ్లు, ఇసుక మీద జారుడుబల్ల దానికి కావాలి. మా ఆవిడ ఒంటె ఎక్కుతానంది. నాకు చీకటి కావాలన్నాను. డ్రైవరు నవ్వి, "అది నా దగ్గర చాలా ఉంది సాబ్" అన్నాడు.

ఆయన పెషావరు మనిషి. మా ఆవిడ కరీంనగర్ బజారు ఉర్దూలో పెరిగింది. ఇద్దరికీ పది నిమిషాల్లో కుదిరిపోయింది. ఈవిడ "జర ఆహిస్తా భాయ్" అనడం, ఆయన "బాజీ, ఫికర్ మత్ కరో" అనడం. మిగతా దారంతా నేనూ మా అబ్బాయీ వినేవాళ్లమే.

నగరం నుంచి అల్ ఐన్ రోడ్డు మీద ముప్పావుగంట పోతే దుబాయి ఎడారి సంరక్షణ ప్రాంతం వస్తుంది. 225 చదరపు కిలోమీటర్లు. ఆ ఎమిరేటు నేలలో ఇంచుమించు ఇరవయ్యో వంతును కంచె వేసి జంతువులకూ చెట్లకూ వదిలేశారు. ఆకాశాన్నంటే కట్టడాల ఊరు ఇంత నేలను ఏమీ కట్టకుండా వదిలిందంటే నాకు ఆశ్చర్యమే వేసింది.

తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి డ్రైవరు కిందికి దిగాడు. ఒక్కో టైరు దగ్గర గొంతుకూర్చుని వాల్వులో చిన్న ఇనుప ముక్క గుచ్చి పెట్టాడు. బుస్సుమని గాలి పోతోంది. పంక్చరయినట్టు టైర్లు చతికిలబడుతుంటే మా మనవరాలు కంగారు పడింది. రోడ్డు మీద 35 పాయింట్లు ఉండే గాలిని ఇసుకలో 15 దాకా తగ్గిస్తారట. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, బండి ఇసుకలో కూరుకుపోదు. డ్రైవరు దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు: "బండికి ఒంటె కాలు తొడుగుతున్నాను." తర్వాత ఒంటె నడుస్తుంటే దాని పాదం చూశాను. గిట్ట కాదది, మెత్తటి దిండు. నేలకు ఆనగానే అట్టులా పరుచుకుంటుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

లోపలికి కొంత దూరం పోయాక ఒక పెద్ద చెట్టు. చుట్టూ ఏ పచ్చదనమూ లేని చోట ఒంటరిగా, కొమ్మలు కిందికి వాల్చి నిలబడి ఉంది. మా ఆవిడ బండి ఆపమంది. దిగి చెట్టు కిందికి నడిచింది. ఆకు చూసింది, ముల్లు చూసింది. వెనక్కి తిరిగి, "ఏమండీ, ఇది మన జమ్మి కాదూ?" అంది.

జమ్మే. అక్కడి వాళ్లు గాఫ్ అంటారు. పేరు మారింది గానీ చెట్టు ఒకటే. వృక్షశాస్త్రంలో రెండింటికీ ఒకే పేరు, ప్రోసోపిస్ సినరేరియా. దసరా నాడు మనం పూజించి, ఆకు చేతిలో పెట్టి బంగారమని అలాయి బలాయి తీసుకునే చెట్టు, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు. తెలంగాణకు రాష్ట్ర వృక్షం. ఎమిరేట్లకు జాతీయ వృక్షం. 2019ని ఆ దేశం సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నదీ ఈ చెట్టు బొమ్మే. దీని వేళ్లు నీటి కోసం ముప్పై మీటర్ల లోతుకు కూడా పోతాయి. దాని నీడలో ఒంటెలు పడుకుంటాయి, ఆకు మేస్తాయి, ఒకప్పుడు ఎడారి సంచారులైన బెదూయిన్లు దాని కిందే పంచాయితీలు పెట్టుకునేవారు. మా ఆవిడ అలవాటు కొద్దీ రెమ్మ మీద చెయ్యి వేసింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చి, "తుంచకండి బాజీ, ఈ చెట్టుకు చట్టం కాపలా ఉంది" అన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, కింద రాలిన ఎండు రెబ్బ ఒకటి ఏరి కళ్లకద్దుకుని అక్కడే పెట్టేసింది. ఆ పర్యటనలో కార్యక్రమాల పట్టికలో లేని అంశం ఇది. నన్నడిగితే అన్నిటికంటే పెద్దది కూడా.

ఇంకొంచెం దూరంలో ఓరిక్స్‌లు కనిపించాయి. జింకల తీరుగానే ఉంటాయి గానీ ఆవుదూడంత ఒడ్డూ పొడుగూ. ఒళ్లంతా సున్నం వేసినట్టు తెలుపు, కాళ్లు నలుపు, నిటారుగా రెండు బారెడు కొమ్ములు. పక్కనుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కలిసిపోతాయి, ఒంటికొమ్ము గుర్రం కథ ఇక్కడే పుట్టిందంటే నమ్మేలా. వేటగాళ్లు జీపుల్లో తరిమి కాల్చగా 1972 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. అదృష్టం ఏమిటంటే, అంతకు పదేళ్ల ముందే కొన్నిటిని పట్టి, అమెరికాలో అరిజోనా ఎడారి ఊరు ఫీనిక్స్‌లోని జూకు పంపి పెంచారు. వాటి సంతతిని 1982లో ఒమాన్ ఇసుకలో మళ్లీ వదిలారు. తర్వాత మిగతా దేశాల్లోనూ. అంటే మేం చూసిన జంతువు తాతముత్తాతలు కూడా పరదేశం పోయి బతికి వచ్చినవాళ్లే. మా పాలాయన గుర్తొచ్చాడు.

ఇసుక జారుడు గురించి ఎక్కువ చెప్పను. గాలి వచ్చే వైపు తిన్నె వాలుగా ఉంటుంది, అవతలి వైపు నిటారుగా జారిపోతుంది. ఆ నిటారు వైపు చెక్కపలక మీద కూర్చుని జారాలి. పలక అడుగున మైనం రుద్దకపోతే అది కదలదు. కిందికి రావడానికి పది సెకన్లు, పైకి ఎక్కడానికి పది నిమిషాలు. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి. మా మనవరాలు ఏడుసార్లు ఎక్కింది. నేను ఒకసారి ఎక్కి, పైన కూలబడి, మరి దిగనని చెప్పేశాను.

ఒంటె సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఎక్కబోయే వాళ్లకు ఎవరూ ముందుగా చెప్పరు. ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది. అంటే మీరు ఒక్కసారిగా దాని మెడ మీదికి బోర్లా పడబోతారు. అప్పుడు వెనక్కి ఒరగాలి. మా ఆవిడ ముందుకు ఒరిగింది. "వెంకటేశా" అన్న కేక అవతలి తిన్నె దాకా వినిపించి ఉంటుంది. పట్టుకొమ్మ గట్టిగా పట్టుకుంది కాబట్టి సరిపోయింది. తర్వాత ఆ ఊపుకు అలవాటుపడి, ఊయలలా ఉందంది. ఒంటెల పందేల మాట వస్తే డ్రైవరు ఒక సంగతి చెప్పాడు. పూర్వం బరువు తక్కువని పాకిస్తాన్, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి చిన్నపిల్లల్ని తెచ్చి రౌతులుగా ఎక్కించేవారు. 2005లో దాన్ని నిషేధించి, ఇప్పుడు చిన్న మరబొమ్మల్ని వీపు మీద కడుతున్నారు. పక్కన బండిలో వెళ్తూ యజమాని రిమోటు నొక్కితే ఆ బొమ్మ కొరడా ఊపుతుంది. మా మనవరాలు పకపకా నవ్వింది. ఆ బొమ్మ జాగాలో ఒకప్పుడు దాని ఈడు వాళ్లు, దానికంటే చిన్నవాళ్లు ఉండేవారని దానికి నేను విడమరిచి చెప్పలేదు.

తర్వాత డేగ ఆట చూపడానికి ఒకతను వచ్చాడు. డేగ కళ్లకు తోలు టోపీ తొడిగి ఉంచాడు. ఆ టోపీని అరబ్బీలో బుర్ఖా అనే అంటారట. టోపీ తీయగానే అది మమ్మల్ని ఎవరినీ లెక్క చేయకుండా దూరంగా ఏదో చూసింది. తాడుకు రెక్కల కట్ట కట్టి తిప్పుతుంటే పైనుంచి దూకి కొట్టింది. ఆ వేగం కంటికి ఆనలేదు, గాలి చీలిన చప్పుడు మాత్రం చెవికి తగిలింది. దూకుడులో గంటకు 300 కిలోమీటర్లు దాటే జాతి అది. ఈ దేశం 2002 నుంచి డేగలకు పాస్‌పోర్టులు ఇస్తోందని విన్నప్పుడు మాత్రం మా అబ్బాయి నిట్టూర్చాడు. వాడి వీసా పునరుద్ధరణ ఆ నెలలోనే ఉంది.

పొద్దు వాలింది. ఫిబ్రవరి మొదట్లో అక్కడ ఆరు దాటాక సూర్యాస్తమయం. డ్రైవరు చాప తీసుకుని నమాజుకు తిన్నె అవతలికి వెళ్లాడు. మేం నలుగురం కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. ఫోను చేతిలో ఉన్నా ఎవరూ ఫొటో తియ్యలేదు. ఇసుకలో ఇనుము తుప్పు పొర ఉంటుంది, ఆ వెలుగులో అది ఇటుక రంగుకు తిరిగింది. నా కాలి దగ్గర ఒక నల్లపురుగు నడిచిపోయిన దారి ఉంది, సూదితో కుట్టినట్టు రెండు వరసల చుక్కలు. పురుగు మాత్రం లేదు. ఏం తోచక ఇసుకలో చెయ్యి పెట్టాను. పైపొర చల్లబడిపోయింది. మణికట్టు దాకా దింపితే లోపల ఇంకా మధ్యాహ్నం ఉంది, గోరువెచ్చగా. మనవరాలికి చెబితే అదీ చెయ్యి దూర్చింది. అలా ఇద్దరం చేతులు పాతుకుని కూర్చున్నాం. గాలి ఆగినప్పుడు తిన్నె అంచున ఇసుక జారే చప్పుడు వినిపించేది, కాగితం మీద బియ్యం ఒలికినట్టు. మొదటి ప్రయాణంలో కొనలేకపోయింది ఈ అరగంటనే. ఇది ఏ పట్టికలోనూ ఉండదు. ఎవరైనా వెళ్లేటట్టయితే డ్రైవరుతో ముందే చెప్పి ఈ అరగంట మిగుల్చుకోండి.

భోజనం జంపఖానా మీద, లాంతర్ల వెలుగులో. ముందు ఖర్జూరాలు, గహ్వా. గహ్వా అంటే ఏలకులు దండిగా వేసిన లేతరంగు కాఫీ. పాలుండవు, చక్కెర ఉండదు. కొమ్ము లాంటి పొడుగు మూతి కూజా నుంచి, చెవి లేని బుల్లి గిన్నెలో రెండు గుక్కలే పోస్తారు. తాగి గిన్నె కింద పెట్టబోతే వడ్డించేవాడు మళ్లీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. మర్యాదకు నాలుగోదీ తాగాక మావాడు జాలిపడి చెప్పాడు: చాలు అనడానికి మాటతో పనిలేదట, గిన్నెను రెండుసార్లు అటూ ఇటూ ఊపితే చాలట. ఆ రాత్రి రెండు గంటల దాకా నాకు నిద్ర పట్టలేదు.

ఇక అసలు చిక్కు, ఆ రోజు శనివారం. మా ఆవిడ శనివారం నీచు ముట్టదు. అక్కడ సెలవులే శని, ఆదివారాలు కాబట్టి మావాడికి వేరే రోజు కుదరలేదు. ముందుగా చెప్పడం మరిచాడు. గుంతలో నిప్పుల మీద గంటల తరబడి మగ్గిన గొర్రెపిల్ల మాంసం అన్నం మీద పరిచి తెచ్చారు. మూత తియ్యగానే వచ్చిన వాసనకు శనివారాన్ని తలచుకుని నాకే జాలేసింది. నేను సోమవారం వాణ్ని కాబట్టి తిన్నాను. ఆవిడకు శనగల ముద్ద, రొట్టె, పప్పు, దోసకాయ ముక్కలు పెట్టించారు. డ్రైవరు తన డబ్బాలోంచి మామిడికాయ పచ్చడి తీసి ఇచ్చాడు. మెంతులు, ఆవనూనె వేసిన పంజాబీ పచ్చడి. ఆవిడ తిని, "ఉప్పు తక్కువైంది" అని తీర్పు ఇచ్చి, రెండోసారీ వేయించుకుంది.

హరీస్ అని ఇంకొకటి వచ్చింది. గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించి మెదిపిన జావ. హైదరాబాదు వాళ్లకు దాని పరిచయం అక్కర్లేదు. మన హలీంకు ఇది అమ్మమ్మ. నిజాం సైన్యంలో పనిచెయ్యడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వాడ బార్కస్. బ్యారెక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. అక్కడ ఇవాళ్టికీ హరీస్ దొరుకుతుంది. మసాలా వాసన ఉన్న నాలుకకు అసలు హరీస్ చప్పగా తోస్తుంది. నాకు తోచింది. తెలుగు నాలుక ఎడారి దాకా వచ్చినా కారం అడుగుతుంది. చివర లుకైమాత్, అంటే ఖర్జూర పాకం పోసిన వేడి తీపి పునుగులు. వాటికి శనివారం అడ్డు లేదు. ఆవిడ లెక్క పెట్టకుండా తింది, నేను లెక్క పెట్టాను, పదకొండు.

తర్వాత నాకు ఇస్తానన్న చీకటి ఇచ్చారు. అన్ని లాంతర్లూ ఆర్పేశారు. అమావాస్య రెండు రోజుల్లో ఉంది. కళ్లు అలవాటు పడటానికి పది నిమిషాలు పట్టింది, ఆ తర్వాత ఆకాశం కిందికి దిగింది. నడినెత్తిన రోహిణి, దాని పక్కన కృత్తికల గుంపు. రోహిణి ఇంగ్లీషు పేరు ఆల్డెబరాన్. అది అరబ్బు మాట, వెంట వచ్చేది అని అర్థం, కృత్తికల వెనకే వస్తుంది కాబట్టి. మన రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఆ కార్తెలో ఈ ఇసుక మీద కాలు పెట్టే విహారయాత్రికులు తక్కువ. ఇక్కడి షికార్లకు అనువైన కాలం నవంబరు నుంచి మార్చి దాకా. దక్షిణాన, నేలకు జానెడు ఎత్తులో, ఒక తెల్లటి పెద్ద చుక్క ఒంటరిగా వెలుగుతోంది. అగస్త్యుడు. మన ఊళ్లో ఇంకాస్త పైన కనిపిస్తాడు. "సుహేల్" అన్నాడు డ్రైవరు. ఆగస్టు చివర, తెల్లవారే ముందు, ఆ చుక్క మొదటిసారి కనబడితే ఎండ నడుం విరిగినట్టేనని అరబ్బుల లెక్కట. అగస్త్యుడు ఉదయిస్తే వానాకాలపు బురదనీళ్లు తేటపడతాయని మనవాళ్లూ అన్నారు. ఒకే చుక్క, వాళ్లకు చల్లదనం, మనకు తేటదనం.

చలి పెరిగింది. దుప్పట్లు కప్పారు. దుప్పటి పైన చెయ్యి పెడితే తడి, మంచు పడుతోంది. ఎడారిలో మంచు! తిరుగుదారిలో రోడ్డెక్కాక టైర్లకు మళ్లీ గాలి పట్టించడానికి పావుగంట ఆగాం. కంప్రెసరు మోత విన్నాక గానీ అంతసేపూ చెవులు ఎంత ఖాళీగా ఉన్నాయో తెలియలేదు.

ఊరికి వచ్చిన మర్నాడు పాలాయన వచ్చాడు. ఇక నవ్వుతాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఫొటోలు చూపించబోయాను. ఆయన వాటివైపు చూడలేదు. "సుహేల్ కనబడ్డదా సారూ?" అని అడిగాడు.

కనబడిందన్నాను. ఆయన క్యాను దించి అరుగు మీద కూర్చున్నాడు. ఎండాకాలం వాళ్లకు పని తెల్లవారుజామున నాలుగింటికే మొదలయ్యేదట. ఆగస్టు ఆఖరు వారం రాగానే పైపుల మీద ఎక్కి అందరూ దక్షిణం దిక్కే చూసేవారట. ముందు ఎవరి కంట పడితే వాళ్లకు ఆ రోజు చాయ్ మిగతావాళ్లు తాగించాలి. అది పందెం. బిహారు వాళ్లు, కేరళ వాళ్లు, పఠాన్లు, మనవాళ్లు అందరూ ఉండేవారట.

"మీకు ఎన్నిసార్లు దక్కింది?" అన్నాను.

"రెండు మాట్ల" అన్నాడు, వేళ్లు చూపిస్తూ. "రెండోసారి మబ్బుండె. ఊకెనే కనబడ్డదన్న. చాయ్ తాగినంక తెలిసింది వాళ్లకు."